ముందు నాన్న చూడాలి

ఆయన సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టర్. ఉద్యోగం అదైతే తప్పేం లేదు, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. కానీ సాయంత్రం డిపోలో సంతకం పెట్టాక ఆ ఉద్యోగాన్ని కూడా అక్కడే వదిలేసి రావాలన్న ఇంగితం ఆయనకు ఏనాడూ లేదు. ఇంటికి వచ్చినా చెకింగే. గ్యాస్ కట్టేశారా లేదా, చెప్పుల వరసలో కొత్త జత ఎవరిది, చిన్నాడి చొక్కా మీద సిరా మరక ఎక్కడిది, పక్కింటావిడ వచ్చి ఎంతసేపు కూర్చుంది. వీధిలోవాళ్ళు ఎదురుగా 'సార్' అనేవారు, వెనకాల 'చెకింగ్' అనేవారు. ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకునే ఆడవాళ్ళు ఏ తప్పూ చెయ్యకుండానే లేచి లోపలికి పోయేవారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన లంచం ముట్టడు. ఇన్నేళ్ళలో ఎవరి చేతి కాఫీ కూడా తాగలేదు. ఆ ఒక్క మంచి గుణాన్ని పట్టుకుని లోకంలో మిగతా వాళ్ళందరినీ దొంగల కింద జమకట్టేశాడు. మొదట్లో తనూ కండక్టరే. భుజానికి సంచి తగిలించుకుని, కిక్కిరిసిన బస్సులో ఆ చివర నుంచి ఈ చివరకి ఒళ్ళు హూనం చేసుకున్నవాడే. ప్రమోషన్ వచ్చాక ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం మొహం మాడ్చుకునేవాడు.

ఆయనకు ఒక భార్య, ఇద్దరు పిల్లలు. భార్య ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టేది. పెద్దది ఆడపిల్ల, పద్నాలుగో ఏడు నడుస్తోంది. దాని తరవాత చిన్నాడు, తొమ్మిదేళ్ళవాడు. పెద్దది మాట తక్కువ పిల్ల. అలాంటి తండ్రి ఉన్న ఇంట్లో మాట ఎక్కువెలా వస్తుంది?

బళ్ళో పాఠాలు, హోంవర్కులు ఇకమీదట మెయిల్‌లో పంపుతామనీ, ప్రతి పిల్లకీ ఒక ఈమెయిల్ ఉండి తీరాలనీ టీచర్లు చెప్పి పంపారు. ఆయన డిపో ఆఫీసులో పాతవి తీసేస్తుంటే ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. హాల్లో, సోఫాలో కూర్చుంటే తెర పూర్తిగా కనపడేలా పెట్టించాడు. కిటికీ పక్కన పెడితే పిల్లలకి వెలుతురు బాగుంటుందని భార్య అంటే, "వెలుతురు వాళ్ళకి కాదే, నాకు కావాలి" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్న పిల్లలిద్దరినీ చెరో పక్కన నిలబెట్టి ఖాతాలు తెరిచాడు. వాళ్ళు కూర్చోలేదు, ఆయనే కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటే, తన బ్యాడ్జి నంబరు. పిల్లల ఖాతాల్ని పెద్దవాళ్ళ ఖాతాకి ముడిపెట్టే ఏర్పాటు ఒకటి ఉందని డిపోలో కంప్యూటర్ గుమస్తా చెప్పాడు. అలా ముడిపెడితే పిల్లలకి వచ్చే ప్రతి మెయిలూ ముందు తండ్రి దగ్గరికి వస్తుంది. తండ్రి 'అనుమతించు' నొక్కితేనే పిల్లలకి కనిపిస్తుంది. 'తిరస్కరించు' నొక్కితే అలాంటి మెయిల్ ఒకటి వచ్చిందని కూడా వాళ్ళకి తెలియదు. ఆ రెండు బొత్తాలూ చూసి ఆయన మొహం చాటంత అయింది. పెళ్ళి నాడు కూడా అంతగా వెలగలేదని ఆ ఇల్లాలు తరవాత ఎవరితోనో అంది.

ఒక్క చోట చిక్కొచ్చింది. పుట్టినతేదీ వెయ్యమంది కంప్యూటర్. పదమూడు నిండిన పిల్లలైతే ఈ తనిఖీ వద్దనుకోవచ్చు, అది వాళ్ళిష్టం అని పక్కనే రాసి ఉంది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తరవాత పెద్దదాని వయసు ఎనిమిదేళ్ళని వేసేశాడు.

ఎవరు వేశారో గమనించాలి. పిల్లకి అర టికెట్ కొట్టించుకుంటే, "ఈ పిల్లకి పన్నెండేళ్ళ లోపా? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?" అని నిండు బస్సులో తల్లుల పరువు తీసిన మనిషి. వయసు తగ్గించి చెప్పిన తల్లుల్ని నడిరోడ్డు మీద దించేసిన మనిషి. ఆయనగారు సొంత కూతురి వయసులో ఐదేళ్ళు కోసేసి, కళ్ళైనా ఆర్పకుండా 'తరువాత' నొక్కాడు.

చిన్నాడు తెర చూసి ఎగిరి గంతేశాడు. "అక్కా! కంప్యూటర్‌లో నీకు ఎనిమిదే! నాకు తొమ్మిది! ఇకనుంచి నేనే నీకు అన్నయ్యని, పేరుపెట్టి పిలవకు!"

ఆయన కూడా నవ్వాడు. పెద్దది నవ్వలేదు. ఆ రోజు నుంచి దాని మెయిల్ తెరిస్తే చాలు, ఎనిమిదేళ్ళ పిల్లకి తగ్గట్టు బెలూన్లు ఎగిరేవి, ఎలుగుబంటి పిల్ల చెయ్యి ఊపేది.

అలా మొదలైన ఖాతాలో పెద్దదానికి ఉత్తరాలు రాసే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. కింది వాటాలో ఉండే కండక్టర్ కూతురు. ఈడూ ఒకటే, తరగతీ ఒకటే. నడక రాని రోజుల నుంచి ఆ మెట్ల మీద పెరిగారు ఇద్దరూ. పైన నోరు మెదపని ఈ పిల్ల కింది వాటాలోకి వెళ్తే గలగలా మాట్లాడేదట. కండక్టర్ భార్య చెబితే తల్లి నమ్మలేక ఒకసారి మెట్ల మీద నిలబడి విన్నది. దానికి వేరే స్నేహితులు లేరు, కావాలని కూడా అనుకోలేదు.

ఆ కండక్టర్ బస్సునే ఒక వానరోజు ఆయన ఆపాడు. ఒక ముసలావిడ దగ్గర పాస్ ఉంది, గడువు ముందురోజే అయిపోయింది. కండక్టర్ అది చూశాడు. చూసి, రేపు మార్పించుకో అమ్మా అని ఊరుకున్నాడు. ముసలావిడని ఆయన ఏమీ అనలేదు. కండక్టర్ మీద మాత్రం రిపోర్టు రాశాడు, తెలిసి తెలిసి వదిలేశాడని.

సాయంత్రం కండక్టర్ మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, మీరూ ఆ సంచి మోసినవాళ్ళే కదా. తడిసి ముద్దయిన ముసలామెని వానలో ఎలా దించమంటారు?"

"దించమని నేనన్నానా? రూల్ ఏం చెబుతుందో అది చెయ్యమన్నాను."

"ఒకే కప్పు కింద ఉంటున్నాం సార్. ఈ ఒక్కసారికి ఆ కాగితం పైకి పంపకండి."

"ఒకే కప్పు కింద ఉన్నాం కాబట్టే పంపాలి. లేకపోతే రేపు నలుగురూ నన్నంటారు" అని తలుపు వేసేశాడు. లోపల కుట్టుమిషన్ ఆగిపోయింది. పెద్దది గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన మాత్రం భోజనానికి కూర్చుని, చేతులు కడుక్కునే దాకా క్రమశిక్షణ గురించి మాట్లాడాడు.

కండక్టర్‌ని కొన్నాళ్ళు సస్పెండ్ చేసి, ఎక్కడో దూరంగా ఉన్న డిపోకి విసిరేశారు. ఆ కుటుంబం సామాను కట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల, ఈ పిల్ల మెయిల్ చిరునామా చేతి మీద రాయించుకుంది.

ఆ తరవాత వారం వారం ఆ పిల్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది, 'ఒసేయ్' అని మొదలుపెట్టేది. అవి ఆయన ఎందుకు రానిచ్చాడంటే, దయతో కాదు. ఆయనకి వినోదంగా ఉండేది. భోజనాల దగ్గర ఫోన్ తీసి, గొంతు సన్నగా మార్చి, ఆడపిల్లలా తల ఊపుతూ చదివి వినిపించేవాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక ఇద్దరూ కలిసి పిల్లిపిల్లని దాచిన సంగతి. ఆ పిల్లకి ఇప్పటికీ చీకటంటే భయమన్న సంగతి. లెక్కల టీచర్‌కి ఇద్దరూ పెట్టుకున్న దొంగపేరు. ఈ పిల్ల మొదటిసారి బట్టల మీద మరక చూసుకుని హడలిపోయి ఏడిస్తే, ఆ పిల్ల తన ఓణీ ఇచ్చి ఇంటికి తీసుకొచ్చిన సంగతి. అది కూడా చదివాడు. అన్నం ముందు, చిన్నాడి ముందు, అదే సన్నగొంతుతో.

"మీకు సిగ్గనిపించడం లేదా?" అంది భార్య.

"తండ్రికి తెలియని రహస్యాలేంటే పిల్లలకి?" అన్నాడు ఆయన. పెద్దది చెయ్యి కడుక్కుని లేచిపోయింది. అయినా మర్నాడు సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని అదే మెయిల్ మళ్ళీ చదువుకుంది. తండ్రి ఎంగిలి చేసిందైనా సరే, ఈ పిల్లకి ఉన్నది అదొక్కటే.

ఒక రోజు వచ్చిన మెయిల్ ఆయనకి వినోదంగా లేదు. బస్సు దిగి స్టాపులో నిలబడి చదివాడు. "ఒసేయ్, మా నాన్న ఇక్కడ ఎవరితోనూ మాట్లాడటం లేదు. డ్యూటీకి వెళ్ళే ముందు వాంతి చేసుకుంటున్నాడు. మీ నాన్న వల్లే అని అమ్మ అంటుంది. నువ్వేమీ అనుకోకు, నీ మీద కోపం లేదు. మీ నాన్న మంచోడు కాదే, నువ్వు కూడా ఎప్పుడో ఒకసారి అన్నావుగా."

చివరి మాట ఆయన్ని ఎక్కడ పొడవాలో అక్కడ పొడిచింది. కూతురు అలా అన్నదా? తన ఇంట్లో తిని, తన కప్పు కింద పడుకుని? 'తిరస్కరించు' నొక్కాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికొచ్చి, పిల్లలు బడి నుంచి రాకముందే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూతురి ఖాతాలోకి తన బ్యాడ్జి నంబరుతో దూరి, కూతురి పేరు మీద జవాబు కొట్టాడు. రిపోర్టులు రాసి రాసి అరిగిన చెయ్యి, ఒక్క చోట కూడా తడబడలేదు.

"ఇకమీదట నాకు మెయిల్స్ పంపవద్దు. నా చదువు పాడవుతోంది. మీ నాన్న డ్యూటీలో తప్పు చేశాడు, శిక్ష పడింది. తప్పు చేసినవాళ్ళ పిల్లలతో నాకు స్నేహం అవసరం లేదు."

రాత్రి భోజనాల వేళకి జవాబు వచ్చింది. "సరే. మా నాన్న గురించి నువ్వు అలా రాస్తావని అనుకోలేదు." ఆయన దాన్ని కూడా తిరస్కరించి, పెరుగు వడ్డించుకున్నాడు.

ఆ తరవాత పెద్దది రోజూ బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేది. బెలూన్లు ఎగిరేవి, ఎలుగుబంటి పిల్ల చెయ్యి ఊపేది, మెయిల్ ఉండేది కాదు. తను రెండు మూడు సార్లు రాసింది. ఆయన ఆ పిల్ల చిరునామాని అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ కూడా మూసేశాడు కాబట్టి అవి ఇల్లు దాటి పోలేదు. పిల్ల తిండి తగ్గింది. తల్లి కనిపెట్టి అడిగితే తలనొప్పి అంది.

ఆయన చూశాడు. చూసి, సోఫాలో కాళ్ళు చాపుకుని, "చూశావా, స్నేహాలంటే ఇంతే. ఊరు మారగానే నిన్ను మర్చిపోయింది. నీకు అమ్మా నాన్నా తప్ప ఎవరూ లేరు" అన్నాడు. అబద్ధమని తెలిసీ అన్నాడు. చెబుతుంటేనే నా ఒళ్ళు మండుతోంది.

కానీ ఆధారాల కోసం పుట్టిన మనిషే ఆధారం వదిలేశాడు. ప్రయాణికుడి చేతిలో నలిగిన టికెట్ ముక్క నుంచి నేరం లాగేవాడికి, కూతురి ఖాతా నుంచి పంపిన మెయిల్ కూతురి ఖాతాలోనే పడి ఉంటుందని తట్టలేదు. వచ్చేవాటి మీదే ఆయన ధ్యాసంతా. వెళ్ళినవాటి వైపు చూడలేదు.

సైన్సు టీచర్ హోంవర్కు అందలేదని బళ్ళో నిలబెట్టింది. పంపానని చూపించడానికి పెద్దది ఇంటికొచ్చి, పంపిన మెయిల్స్ ఉండే చోటు తెరిచింది. హోంవర్కు కింద, తను రాయని ఉత్తరం తన పేరుతో ఉంది.

అది కేకలు పెట్టలేదు. వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టింది. మెడలో టేపు, చేతిలో కత్తెర, అలాగే చదివింది ఆవిడ. చదివాక కుర్చీలో కూలబడింది.

ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య ఎదురొచ్చింది.

"చెప్పులు విప్పకండి. ముందు ఇలా రండి. ఇదెవరు రాశారు?"

ఆయన తెర వైపు చూశాడు. ఆనక గొంతు పెంచాడు. "నేనే రాశాను. అయితే ఏంటి? ఆ కండక్టర్ కూతురు నన్ను ఏమని రాసిందో తెలుసా? నీ కూతురు నన్ను ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"మంచోణ్ణి కాదంట!"

"అబద్ధమా?" అంది భార్య.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మొహం మీద అనని మాట అది. చిన్నాడు మంచం చాటుకి పోయాడు. ఆయన చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక అలమార మీద పెట్టాడు.

"దొంగటికెట్‌తో దొరికితే దించేస్తారు కదా మీరు. కూతురి పేరు దొంగతనంగా వాడుకున్నారు, మిమ్మల్ని ఎక్కడ దించమంటారు?" అంది ఆవిడ. "ఆ పిల్ల జవాబిచ్చిందా?"

"ఇచ్చింది."

"ఏమని?"

ఆయన చెప్పాడు. పెద్దది నిలబడే వింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆయనకు ఆ క్షణంలో అనిపించింది. ఏడ్చే పిల్లని కసరడం ఆయనకు చేతనవును, ఇలా నిలబడి చూసే పిల్లని ఏం చెయ్యాలో తెలియదు.

తల్లి అప్పటికప్పుడు కండక్టర్ భార్యకి ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టగానే అవతల నుంచి ఒక్కటే మాట వచ్చింది. "మా పిల్ల వారం రోజులు అన్నం ముట్టలేదమ్మా. మీ ఇంటి ఊసు మా ఇంట్లో వద్దు." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

ఇక మిగిలింది మెయిల్ ఒక్కటే. ఆయన కూర్చుని ఆ పిల్ల చిరునామాకి వేసిన అడ్డు తీసేశాడు. లేచి కుర్చీ చూపించి, "రాసుకో" అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు.

పెద్దది కూర్చుంది. ఆ ఉత్తరం తను రాయలేదని, నాన్న రాశాడని చాలాసేపు కొట్టింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. ఆయన మెడ సాచాడు. "చూడకండి" అంది భార్య. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చూస్తూ నిలబడ్డాడు. పిల్ల పంపేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన డ్యూటీలో బస్సులెక్కాడు, దిగాడు, ఒక్కరిని కూడా పట్టుకోలేదు. పక్కనున్న ఇన్‌స్పెక్టర్ ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఫోన్ పదేపదే తీసి చూసుకున్నాడు. ఆ పిల్ల రాయాలనే కోరుకున్నాడు. అంతవరకు నిజం. కూతురు మళ్ళీ మామూలుగా తిని, మామూలుగా తిరిగితే, ఈ గొడవ పాతపడిపోతుందని ఆయన ఆశ.

సాయంత్రం ఇంటికొచ్చాక వచ్చింది జవాబు. ఇప్పుడూ ముందు ఆయన దగ్గరికే వచ్చింది. అడ్డు ఒక్కటే తీశాడు, తనిఖీ ఎత్తేయడానికి చెయ్యి రాలేదు. తెరిచి చూశాడు. ఒకటే వాక్యం.

"ఇది రాసింది నువ్వా, మీ నాన్నా?"

ఆయన ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు. తరవాత 'అనుమతించు' నొక్కి, పెద్దదాన్ని పిలిచాడు. అది వచ్చి, నిలబడే చదివింది.

"కూర్చో తల్లీ. నేనేనని రాసెయ్" అన్నాడు. తల్లీ అని ఆయన పిలిచి ఎన్నేళ్ళయిందో.

"మీరైనా అదే రాసేవారుగా" అంది పెద్దది.

దాని గొంతులో కోపం లేదు. లెక్క తప్పిందని చెప్పినట్టు చెప్పింది. ఆయన సోఫాలో ఇటూ అటూ కదిలాడు. కేసు కూడగట్టే బుర్ర గబగబా వెతికింది, ఒక దారి దొరికింది.

"పోనీ మీ ఇద్దరికే తెలిసిన సంగతేదైనా రాయి. ఆ పిల్లిపిల్ల సంగతో, లెక్కల టీచర్ పేరో. అప్పుడు నువ్వేనని నమ్ముతుంది."

పెద్దది మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"మా ఇద్దరికే తెలిసింది ఇంకేముంది నాన్నా? అన్నీ మీరు చదివేశారుగా."